ఏలూరులో ఆగిన మూడు రోజులు

విభూది బుధవారం పూజ నుంచి అప్పుడే ఇంటికొచ్చాను. నుదుటి మీద బూడిద ఇంకా చెరపలేదు. ఒక్కపొద్దు కదా, సాయంత్రం అన్నానికి ఎసరు పెడుతుంటే వాకిట్లో బండి ఆగింది. భీమరాజు. మా ఆయనతోపాటు కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. దిగకుండానే "వదినా" అని పిలిచాడు. అతని చేతిలో ఒక చెప్పు ఉంది. మా ఆయనది, కుడికాలిది.

"అన్న వచ్చేశాడా?"

"వచ్చారు, స్నానం చేస్తున్నారు. ఆ చెప్పేంటి భీమరాజూ?"

"కాలవగట్టు ట్రాన్స్‌ఫార్మర్ కాడ వదిలేసొచ్చాడండి. ఒక కాలికే చెప్పేసుకుని బండెక్కి వచ్చేశాడు. కేకేశాను, వినపళ్ళేదు." బండి హ్యాండిలు వైపు చూస్తూ గొంతు తగ్గించాడు. "వదినా, నేను చెప్పానని అనకండి. అన్న స్తంభం ఎక్కి నాలుగు నెలలైంది. అన్నీ నేనే ఎక్కుతున్నాను. కాలు పైకి లేవట్లేదు ఆయనకి."

నాలుగు నెలలు. నేను ఆ నాలుగు నెలలూ ఆయన పక్కనే పడుకుని లేచాను. గడప తట్టుకుని పడబోతే చూసుకోమని కసిరాను. నడుస్తుంటే కుడిపాదం నేలకి టప్పుమని కొట్టుకునేది. ఆ చప్పుడు విని కూడా అరిగిపోయిన చెప్పులనే అనుకున్నాను.

మా ఆయన సాల్మన్ అంటే మా చుట్టుపక్కల ఆరేడు ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా లైన్‌మన్. గాలివానొచ్చి స్తంభాలు కూలితే, మోకాలి లోతు నీళ్ళలో ఈయన టార్చిలైటు కనిపించేదాకా జనానికి ధైర్యం ఉండేది కాదు. నిచ్చెన అక్కర్లేదు, తాడు చుట్టుకుని కొబ్బరిచెట్టు ఎక్కినట్టు ఎక్కేసేవారు. అలాంటి మనిషిని రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి మా అత్తగారు అప్పాయమ్మ రెండు పూటలు అన్నం మానేయాల్సొచ్చింది.

అక్కడ నరాల డాక్టరు కాళ్ళకీ చేతులకీ సూదులు గుచ్చి, వైర్లు తగిలించి పరీక్ష చేయించారు. నరాల్లో కరెంటు ఎలా పోతోందో చూస్తారట. మా ఆయన పకపకా నవ్వారు.

"ఇన్నేళ్ళూ నేను కొలిచానండి ఊరందరి కరెంటూ. ఇప్పుడు నాది మీరు కొలుస్తున్నారు!"

టెక్నీషియన్ కూడా నవ్వాడు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. "రిపోర్టు రావడానికి పది రోజులు పడుతుంది. వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే తీసుకురండి" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు గోదావరి బ్రిడ్జి మీద ఉండగా, "పెద్దవాళ్ళెందుకంట? పెళ్ళిచూపులా?" అన్నారు మా ఆయన. ఆయన చెయ్యి పిక్క మీద ఉంది. ఆ చేతి కింద కండ దానంతటదే అదురుతోంది, చర్మం కింద చేపపిల్ల కొట్టుకుంటున్నట్టు. నేను చూస్తున్నానని గమనించి లుంగీ కిందికి లాక్కున్నారు.

*

మా విచారణవాళ్ళం, అంటే మా ఫాదర్‌గారి గుడి కింద ఉన్న ఊళ్ళవాళ్ళం, ఏటా ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలంలో గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత దగ్గరికి నడిచి వెళ్తాం. పెనుగొండ దగ్గర మా ఊరి నుంచి యాభై కిలోమీటర్ల పైమాటే. ఆ ఏడు మాత తిరునాళ్ళూ పవిత్ర వారమూ పక్కపక్కనే పడ్డాయి. ఫాదర్‌గారు గుడిలో పేర్లు రాయిస్తుంటే, మగవాళ్ళ వరసలో అందరికంటే ముందు లేచి నిలబడ్డది మా ఆయనే.

"నీకేమన్నా మతిపోయిందంట్రా?" అంది మా అత్తగారు ఇంటికొచ్చాక. "బస్సులో వెళ్ళి దణ్ణం పెట్టుకురా. మాత ఏమన్నా కాదంటదా?"

"మాత కోసం కాదమ్మా, నాకోసం నడుస్తున్నాను" అన్నారు.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు నేను ఒక్కదాన్నే రాజమండ్రి వెళ్ళాను. ఆ రోజు డాక్టరుగారు లేరు. కౌంటర్‌లో అమ్మాయి కవరు ఇచ్చింది. ఇంటికి తెచ్చి ఆయన ముందు పెట్టాను. విప్పలేదు.

"నడిచొచ్చాక చూద్దాం. అంత దూరం నడిచినోణ్ణి ఆ కాయితం ఏం చేత్తది?"

ఇంగ్లీషులో రెండు పేజీలు. నేను చదివింది పదో తరగతి. మా అమ్మాయి సుప్రియకి అప్పుడు పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయి. పిల్ల చేత చదివించడానికి మనసొప్పలేదు. కవరు తీసి బ్యాగులో చీరల మడతలో పెట్టాను. పిల్లని అత్తగారికి అప్పజెప్పి శనివారం వేకువనే బయల్దేరాం.

ముందు ట్రాలీ ఆటోలో మాత స్వరూపం, మైకులో జపమాల. వెనక డెబ్బై మందిమి, ఆడవాళ్ళం నీలం చీరల్లో. మా ఆయన తణుకు దాటేదాకా బాగానే నడిచారు. అక్కడ చలివేంద్రం దగ్గర కూర్చుని, సంచిలోంచి సైకిలు ట్యూబు ముక్క తీసి, ఒక కొస బొటనవేలికి చుట్టి రెండో కొస మోకాలి కింద బిగించి కట్టారు. పాదం వేలాడకుండా పైకి లాగి పట్టుకుంటుంది. ఇంట్లోనే కొలిచి కోసి తెచ్చుకున్నారన్నమాట.

"ఎలాగుంది మన ఇంజినీరింగు?" అన్నారు.

నిడదవోలు దాటాక మెట్ట మొదలైంది. దాళ్వా వరిచేల పచ్చదనం పోయి ఎర్రమట్టి, జీడితోటలు, పొగాకు బారన్లు. ఎండ నెత్తి మీద వాయిస్తోంది. రెండో రోజు మధ్యాహ్నానికి ట్యూబు ఒరుసుకుని చర్మం ఊడింది. రక్తం కారుతుంటే ఆటో ఎక్కమన్నాను. ఎక్కలేదు. నా భుజం మీద చెయ్యి వేయమన్నాను. వేయలేదు. డెబ్బై మందీ ముందుకెళ్ళిపోయారు. మైకు చప్పుడు కూడా వినపడనంత దూరంలో మేమిద్దరమే. ఆయన పాదం వేసే చప్పుడు, నేను గొణుక్కునే మంగళవార్త జపం.

కొండ మెట్లు రెయిలింగు పట్టుకుని ఎక్కారు. మాత ముందు అందరూ మోకరిల్లితే ఆయన నిలబడే ఉన్నారు. మోకరిల్లితే లేవలేనని భయం. అది నాకొక్కదానికే తెలుసు. పక్కనున్న ముసలావిడ మాత్రం ఆయన వంక కోపంగా చూసింది.

*

ఏలూరు వెళ్దామన్నది నేనే. మా పిన్ని సిస్టర్ రాజరత్నం అక్కడ పెద్దగుడి పక్కన కాన్వెంటులో ఉంటుంది. ముప్పై ఏళ్ళు మిషన్ ఆసుపత్రుల్లో నర్సుగా చేసింది. "నడిచొచ్చినవాళ్ళు రెండు రోజులు మా దగ్గర కాళ్ళు చాపుకుని వెళ్ళండి" అని ఫోన్లో అన్నది. ఆయన వెంటనే సరేనన్నారు. "కాళ్ళు తేరుకున్నాకే ఊళ్ళో దిగుదాం" అన్నారు. ఈ నడకతో ఊళ్ళో ఎవరికీ కనబడకూడదని ఆయన ఆలోచన. నా ఆలోచన నా బ్యాగులో ఉంది.

గౌరీపట్నం నుంచి బస్సులో సోమవారం సాయంత్రానికి ఏలూరు చేరాం. ఆ పెద్దగుడి ఆవరణలో యాత్రికుల కోసం ఒక పొడుగాటి హాలు ఉంది. పాతకాలపు గోడలు, మూరెడు మందం. బయట రోడ్డంతా ఆటోల రొద, లోపల గచ్చు మీద పడుకుంటే వీపుకి హాయిగా చల్లదనం. అప్పటికే నలభై మంది దాకా చాపలు పరుచుకుని ఉన్నారు. ప్లాస్టిక్ టబ్బుల్లో ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు. అందరి కాళ్ళూ ఆ నీళ్ళలోనే. బొబ్బలు చూపించుకుని నవ్వుకుంటున్నారు. ఎవరివి పెద్దవో పందేలు.

మా ఆయన కూడా టబ్బులో కాళ్ళు పెట్టుకుని వాళ్ళతో కలిసి నవ్వారు. "రెండ్రోజులు విశ్రాంతి ఇస్తే గుర్రంలా లేస్తానండీ" అని పక్కాయనతో చెప్పారు.

మంగళవారం పొద్దున్నకి సగం మంది వెళ్ళిపోయారు. బొబ్బలు చితికి, ఆరి, చెప్పుల్లో దూరే పాదాలయ్యాయి వాళ్ళవి. సాయంత్రానికి మిగతావాళ్ళూ చాపలు చుట్టేశారు. బుధవారం పొద్దున్న లేచి చూస్తే అంత హాల్లో మేమిద్దరమే. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుని తన కాళ్ళ వంక చూసుకుంటున్నారు. ట్యూబు కోసిన గాటు మానుతోంది. వాపు కూడా తీసింది. పైకి చూస్తే అందరి కాళ్ళలాగే ఉన్నాయి. కుడిపాదం వేళ్ళు కదపడానికి ప్రయత్నించారు. మెడ మీద నరాలు ఉబ్బాయి. వేళ్ళు అలాగే ఉన్నాయి. నడక ముందు బొటనవేలైనా కాస్త కదిలేది.

"ఇంకొక్క రోజు" అన్నారు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే కవరు తీసుకుని కాన్వెంటుకి వెళ్ళాను. పిన్ని కళ్ళజోడు తుడుచుకుని చదివింది. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి ఇంకోసారి చదివింది. ఆవిడ ముఖమే చూస్తూ నిలబడ్డాను.

"కూర్చో అమ్మా."

"చెప్పు పిన్నీ. నిలబడే వింటాను."

"ఇది ఒక్క కాయితం చూసి చెప్పేది కాదు, నేను డాక్టర్ని కాదు. విశాఖపట్నం తీసుకెళ్ళి ఇంకోసారి చూపించాలి. కానీ ఇందులో రాసిన జబ్బు పేరు నాకు తెలుసు. ఒకరిద్దర్ని చూశాను." కాయితం మడిచింది. "కండలకి పోయే నరాలు ఒక్కొక్కటే ఎండిపోతాయి. కాళ్ళు అయ్యాక చేతులు. ఆ తర్వాత మాట, మింగడం. చివరికి ఊపిరి."

"మందు?"

"ఒక మాత్ర ఉంది. కొన్ని నెలలు ఆలస్యం చేస్తుంది."

"ఎన్నాళ్ళు పిన్నీ?"

"మూడేళ్ళంటారు. ఆరేళ్ళు ఉన్నాయన్ని కూడా చూశాను."

కిటికీలోంచి గుడి వెనక గోడ కనిపిస్తోంది. ఎవరో మెట్లు కడుగుతున్నారు, రేపటి గురువారం పూజకి.

"నడిపించినందుకా ఇలా అయింది? ఆపలేకపోయాను పిన్నీ. ఆటో ఎక్కమని చెప్పాను."

"నడవకపోయినా ఇంతే. నీ తప్పేం లేదు."

"మరి మాతని ఏమని అడగను? ఏమని అడిగితే ఇస్తుంది?"

నలభై ఏళ్ళు సన్యాసినిగా ఉన్న మనిషి. ఏదో ఒకటి చెప్తుందనుకున్నాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలీదు మెర్సీ" అంది.

హాలుకి తిరిగొచ్చేసరికి ఆయన లేచి ఉన్నారు. నా చేతిలో కవరు లేదు, చీర చెంగు కింద దాచాను. ఆయన నా ముఖం వంక చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

"పిన్నిగారు చదివిందా?"

"చదివింది."

"ఈస్టర్ వెళ్ళనీ" అన్నారు. "అప్పటిదాకా నాకేం చెప్పకు."

*

పవిత్ర గురువారం నాలుగింటికి ఆ గుడి ఉపదేశి శ్యాంబాబుగారు కంగారుగా హాల్లోకి వచ్చారు. ఆ సాయంత్రం పూజలో ఫాదర్‌గారు పన్నెండు మంది పాదాలు కడుగుతారు, ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినట్టు. పన్నెండో మనిషికి డ్యూటీ పడిందని ఫోన్ చేశాడట.

"మీరు కూర్చుంటారా అండి?"

"నేను ఈ విచారణవాణ్ణి కాదండీ" అన్నారు మా ఆయన.

"ఫర్వాలేదండి. మాత దగ్గరికి నడిచొచ్చిన పాదాలు. ఇంకేం కావాలి?"

నేను వద్దన్నట్టు తల ఊపాను. ఆయన చూశారు. చూసి కూడా, "ఆయ్, వత్తానండి" అన్నారు.

పెద్దగుడి నిండిపోయింది. నేను ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చున్నాను. బలిపీఠం ముందు మూడు మెట్లు, ఆ మెట్ల పైన పన్నెండు కుర్చీలు. పక్క తలుపులోంచి పన్నెండు మంది వరసగా వచ్చారు. చివర మా ఆయన, ముందున్నాయన భుజం మీద ఏదో స్నేహంగా వేసినట్టు చెయ్యి వేసి. మెట్లు ఎక్కేశారు. నేను ఊపిరి వదిలాను.

ఫాదర్‌గారు పెద్దవయసాయన. పైవస్త్రం తీసి, నడుముకి తువ్వాలు చుట్టుకుని, మొదటి మనిషి ముందు మోకరిల్లారు. ఇత్తడి పళ్ళెం, చెంబు. మనిషి కుడికాలు ఎత్తి పళ్ళెం మీద పెట్టడం, నీళ్ళు పోయడం, తుడవడం, ముద్దు పెట్టడం. పాటలవాళ్ళు పాడుతున్నారు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

ఫాదర్‌గారు మా ఆయన దగ్గరికి వచ్చారు. పళ్ళెం జరిపారు. మా ఆయన కాలు లేవలేదు.

ఫాదర్‌గారు ఆగారు. కాలు ఎత్తడానికి మర్చిపోయాడనుకున్నారేమో, తల ఎత్తి చూశారు. మా ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఫాదర్‌గారు తానే పాదం అందుకోబోతే, "ఉండండి ఫాదర్" అన్నారు మా ఆయన. మూడో వరసలో నాకు స్పష్టంగా వినబడింది. రెండు చేతులూ తొడ కింద పెట్టి, బియ్యం బస్తా ఎత్తినట్టు తన కాలు తానే ఎత్తి, పళ్ళెం మీద పెట్టుకున్నారు. నా చుట్టూ ఉన్నవాళ్ళు పాట పుస్తకాల్లోనే ఉన్నారు. ఫాదర్‌గారు నీళ్ళు పోసి, తుడిచి, ముద్దు పెట్టి, మోకాళ్ళ మీద నుంచి కష్టంగా లేచారు. అంతే. పూజ ముందుకు సాగింది.

పూజ అయ్యాక జనం ఫాదర్‌గారు మోసుకెళ్ళే దివ్యసత్ప్రసాదం వెనక ప్రదక్షిణంగా వెళ్తుంటే, మేమిద్దరం పక్క తలుపు బయట అరుగు మీద కూర్చున్నాం. సంజవెలుగు ఇంకా పోలేదు. ఆయన ముఖం వెలిగిపోతోంది. అలాంటి ముఖం నేను తపస్సుకాలం మొదలయ్యాక చూళ్ళేదు.

"మెర్సీ! నీళ్ళు చల్లగా ఉన్నాయే."

"ఏ నీళ్ళు?"

"కాలి మీద పోసినయ్యి. చల్లగా, బాగా తెలిసింది. తువ్వాలు గరుకు కూడా తెలిసింది. ఆయన గడ్డం గుచ్చుకుంది!" నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "స్పర్శ ఉందే. నరం చచ్చిపోతే ఎలా తెలుత్తది? లైనులో కరెంటు ఉన్నట్టే కదా?"

నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. ఆయన్ని అక్కడే కూర్చోమని కాన్వెంటు వైపు పరుగెత్తాను. పిన్ని తోటి సిస్టర్లతో గుడి వెనక నుంచి వస్తోంది. పక్కకి లాగి, రొప్పుతూ మొత్తం చెప్పాను. నీళ్ళు, తువ్వాలు, గడ్డం.

పిన్ని నన్ను మెట్టు మీద కూర్చోబెట్టింది.

"ఈ జబ్బులో స్పర్శ పోదమ్మా" అంది. "అన్నీ పోయినా అది ఉంటుంది. చివరిదాకా అన్నీ తెలుస్తూనే ఉంటాయి."

తిరిగి వచ్చేటప్పుడు దారి చాలా పొడుగనిపించింది. ఆయన అరుగు మీద ఫోన్లో సుప్రియతో మాట్లాడుతున్నారు. "నాన్నకి కాలు వచ్చేత్తంది అమ్మా. నువ్వు పరీక్షలు బాగా రాయి. నాయనమ్మకి చెప్పు... ఆ, ఫాదర్‌గారు కడిగారు. ఇదిగో అమ్మ వచ్చింది, ఇత్తాను, అడుగు."

ఫోన్ నా చేతికిచ్చారు.

"అమ్మా, నిజమేనా?" అంది పిల్ల.

ఆయన నా వంకే చూస్తున్నారు.

"నిజమే తల్లీ" అన్నాను. "నీళ్ళు చల్లగా తెలిసాయంట."

*

మర్నాడు భీమరాజు కారు మాట్లాడుకుని వచ్చి మమ్మల్ని ఊరికి తీసుకెళ్ళాడు. ఈస్టర్ నాడు మా ఆయన కొత్త చొక్కా వేసుకుని గుడికి వచ్చారు. కనబడ్డవాళ్ళందరికీ ఏలూరు గురించి చెప్పారు. మధ్యాహ్నం కోడికూర తానే వండారు, కుర్చీలో కూర్చుని. సుప్రియ చేత మసాలా నూరించి, ఉప్పు ఎక్కువేసిందని వెక్కిరించారు. మా అత్తగారు సాయంత్రందాకా మాతకి స్తోత్రాలు పాడుతూనే ఉంది. నేను అందరికీ వడ్డించాను.

మే నెలలో విశాఖపట్నంలో పెద్ద డాక్టరు ఆయనకి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పారు. మా ఆయన జాగ్రత్తగా విన్నారు. "అంటే బల్బు బాగానే ఉందండి, లైనే పోయింది" అన్నారు. డాక్టరు తల ఊపారు. "లైను మార్చడానికి లేదా అండి?" అని అడిగారు. లేదన్నారు.

బయట కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాం. అప్పటికి ఎడమ చేతిలో కూడా పట్టు తగ్గుతోంది. నీళ్ళ బాటిల్ మూత తీసి ఇచ్చాను. తాగలేదు.

"నీకు ఏలూరులోనే తెలుసు కదా?"

"తెలుసండి."

"ఆ గురువారం కూడా?"

"ఆ గురువారం కూడా."

ఎవరినో స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఆయన కాళ్ళు వెనక్కి తీసుకోబోయారు. కుడికాలు కదల్లేదు. నేను వంగి జరిపాను.

"ఈస్టర్ పండగ మాత్రం బాగా చేసుకున్నాం మెర్సీ" అన్నారు.